మలుపుకు అడ్డంగా నివాళి

లిడియా టీచరు ఎవరింటికి వెళ్లినా వెంటనే కూర్చునే రకం కాదు. కొబ్బరికాయలు వలిచే గునపం పెరట్లో మొన పైకి పెట్టి అలాగే పాతి ఉందా, పాకే పిల్ల తిరిగే వసారాలో బకెట్టు నిండా నీళ్లున్నాయా, గ్యాసు గొట్టం బీటలు వారిందా అని ఇల్లంతా ఒకసారి కళ్లతో గాలిస్తుంది. కనబడినదాన్ని మొహం మీదే అనేస్తుంది. గునపం పీకి నేలమీద పడుకోబెట్టేదాకా ఇచ్చిన టీ ముట్టుకోదు. ఆవిడ వస్తోందని తెలిస్తే కొందరు ఆడవాళ్లు ముందుగానే బకెట్లు బోర్లించేవారు. భయపడి కాదు, ఆ ఉపన్యాసం వినే ఓపిక లేక.

రాజోలు దగ్గర కాలవ గట్టు మీది ఊరు వాళ్లది. తాత ఊళ్లో రైతుల చేలల్లో కూలికి వెళ్లాడు. తండ్రి మిషను బడిలో చదువుకుని పంతులయ్యాడు. లిడియా కూడా పంతులమ్మే అయింది, పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో. భర్త ఏసుపాదం పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మాట తక్కువ మనిషి. వాళ్లకు ఒక్కడే కొడుకు, ఎబినేజర్. ఊరంతా ఎబి అనేవారు.

ఈ జాగ్రత్తల పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. చిన్నప్పుడు చర్చి విందులో, పొయ్యి మీంచి దింపి దారిలో పెట్టిన సాంబారు గుండిగలో ఆమె తమ్ముడు పరిగెడుతూ వచ్చి పడ్డాడు. నాలుగు రోజులు కూడా బతకలేదు. పెద్దలందరూ వచ్చి దేవుని చిత్తం అన్నారు. గుండిగను దారిలో పెట్టిన వంటాయన కూడా వచ్చి, కళ్లు తుడుచుకుని, దేవుని చిత్తమే అన్నాడు. మరుసటి ఏడాది విందులో గుండిగ మళ్లీ అక్కడే దింపారు. అది చూసి ఆ పిల్ల అన్నం తినకుండా ఇంటికి వచ్చేసింది. మనుషుల మీద ఆమెకు ఏవగింపు మొదలైంది ఆ రోజే. ఏడుపు తగ్గిపోయింది గానీ ఆ రోత మాత్రం ఏ వయసులోనూ తగ్గలేదు.

అలాంటి మనిషికి లాకుల మలుపు ఎదురైంది.

కాలవ గట్టు వెంట వచ్చే రోడ్డు లాకుల దగ్గర చటుక్కున తిరిగి ఇరుకు వంతెన మీదికి ఎక్కుతుంది. ఒకపక్క కాలవ, ఇంకోపక్క కొబ్బరితోట. మలుపు మూలన కాస్త ఖాళీ జాగా ఉంది. ఎదురుగా ఏ బండి వస్తోందో ఆ జాగాలోంచే కనబడాలి. ఊరివాళ్లకు అక్కడే ఫ్లెక్సీ కట్టాలని తోచింది. కోనసీమలో ఇప్పుడు మనిషి పుట్టినా ఫ్లెక్సీ, పోయినా ఫ్లెక్సీ, పిల్లకు ఓణీ వేసినా ఫ్లెక్సీ. నలుగురూ చూసే చోట కట్టాలి కదా మరి. బండి నడిపేవాడు రోడ్డు చూడాల్సిన చోటు, దారిన పోయేవాడు కృపారావు మొహం చూడాల్సిన చోటు, రెండూ ఒకటే అయ్యాయి.

కృపారావుకు పదవి ఏదీ లేదు. రేపో మాపో వస్తుందని పదేళ్లుగా అతనికీ అతని వెనక తిరిగే కుర్రాళ్లకూ నమ్మకం. ఆ కుర్రాళ్లకు పెద్ద పెదబాబు. ఎబికి చిన్ననాటి స్నేహితుడు, లిడియా దగ్గరే అక్షరాలు దిద్దినవాడు, ఆ ఇంట్లో తిన్న భోజనాలకు లెక్కలేనివాడు.

నిరుడు కృపారావు పుట్టినరోజుకు ఆ మూలన వెదురు బొంగులు పాతి, లారీ వెడల్పున ఫ్లెక్సీ కట్టారు. కట్టింది ఎబి. సాయంత్రం బడి నుంచి వస్తూ లిడియా చూసింది. కొడుకు నిచ్చెన ఎక్కి తాడు బిగిస్తున్నాడు. ఆమె ఆగి, నిచ్చెన కాళ్లు మెత్తటి నేలలో దిగబడకుండా కింద ఇటుకలు పెట్టించింది. వాడు దిగేదాకా అక్కడే నిలబడి, వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. నిచ్చెన జారకుండా చూసింది. ఫ్లెక్సీ దేనికి అడ్డం వస్తోందో ఆ పూట ఆమెకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎబి మోటారుసైకిలు మీద వంతెన దిగాడు. తల్లి కొనిచ్చిన హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు, క్లిప్పు కూడా బిగించుకున్నాడు. ఫ్లెక్సీ వెనక నుంచి కొబ్బరికాయల వ్యాను వచ్చింది. వ్యాను వాడు ఇతన్ని చూడలేదు, ఇతను వ్యానును చూడలేదు. తలకు గీత కూడా పడలేదు. ఛాతీ నలిగిపోయింది. అమలాపురం చేరేలోపే ప్రాణం పోయింది.

పెద్దలు వచ్చారు. దేవుని చిత్తం అన్నారు.

"దేవుడు వచ్చి కట్టేడా అండీ ఆ ఫ్లెక్సీ?" అంది లిడియా. దుఃఖంలో ఏదో అంటోంది పాపం అని వాళ్లు ఆమె తల నిమిరారు. ఆ చెయ్యి తన తల మీద ఉన్నంతసేపూ ఆమెకు బల్లి పాకినట్టు ఉంది.

సమాధి కార్యక్రమం రోజున కృపారావు సంతాపంగా తన పుట్టినరోజు ఫ్లెక్సీ తీయించేశాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నారు అందరూ. మూడో నాటికి అవే బొంగులకు, అదే మూలన, అంతకన్నా పెద్దది ఇంకొకటి లేచింది. "మిత్రమా, నీవు లేని లోటు తీరనిది." మధ్యలో నిలువెత్తు కృపారావు, నల్ల కళ్లద్దాలతో, చేతులు జోడించి. అతని పక్కన ఫోను చెవికి ఆనించుకుని పెదబాబు. వాళ్ల కింద అశ్రునివాళి అర్పిస్తున్న కుర్రాళ్లు వరసగా, చాలామంది నవ్వుతూ. కుడివైపు అడుగు మూలన, గుండ్రంగా, ఎబి. ఆ ఫొటో లిడియాయే పంపింది. పెదబాబు అడిగితే, దేనికో తెలియక, డిగ్రీ పట్టా రోజున తీసినది పంపింది.

మొదటిసారి ఆ మలుపులో దాన్ని చూసినప్పుడు ఆమె రోడ్డు పక్కకు పోయి వాంతి చేసుకుంది. ఎండకు తిప్పిందేమో అన్నారు.

అయినా కొన్నాళ్లు ఊరుకుంది, భర్త కోసం. ఏసుపాదం రోజూ సాయంత్రం చేతులు వెనక్కి కట్టుకుని నడుచుకుంటూ వెళ్లి ఆ అడుగు మూల దగ్గర కాసేపు నిలబడి వచ్చేవాడు. సమాధుల దోవన మాత్రం వెళ్లేవాడు కాదు. ఇంట్లో ఉన్న ఫొటోలు చూసేవాడూ కాదు. అక్కడికే వెళ్లేవాడు. అది తీయించమంటే ఆయన ఏమైపోతాడోనని ఆమెకు జంకు.

కానీ వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. బుల్లబ్బాయి ఆటోలో బడిపిల్లలతో పాటే ఆమె ప్రయాణం. లోపల పట్టినంతమంది, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. అలా కూర్చోబెట్టొద్దని ఆమె రోజూ అంటుంది. ఆయ్, రేపట్నుంచి కూర్చోబెట్టనండి అని అతనూ రోజూ అంటాడు. ఆ ఆటో లాకుల మలుపుకు వచ్చేసరికి బుల్లబ్బాయి హారన్ మీద చెయ్యి వేసి, కళ్లు చిట్లించి, గుడ్డిగా తిప్పేసేవాడు. తన కొడుకు బొమ్మ వెనక నుంచి ఏ టిప్పరు వస్తుందోనని లిడియా ఊపిరి బిగబట్టేది. ఎవడి చావును ఆ గుడ్డ గుర్తు చేస్తోందో, అదే చావును ఇంకో పిల్లకు సిద్ధం చేస్తోంది. అది ఊళ్లో ఆమె ఒక్కదానికే కనబడుతున్నట్టుంది.

ఆమె కృపారావు ఇంటికి వెళ్లింది. అతను ఎదురొచ్చాడు.

"ఆయ్, అక్కయ్యగారండీ, రండి రండి. కబురు పెడితే నేనే వద్దును కదండీ."

"ఆ ఫ్లెక్సీ తీయించండి తమ్ముడుగారూ. మలుపు కనపడ్డం లేదు. పిల్లల ఆటో రోజూ అటే వెళ్తోంది."

"అదేంటండీ, మన ఎబిదే కదండీ అది."

"వాడిదే. అందుకే నేనొచ్చి అడుగుతున్నాను."

కృపారావు కాసేపు బాధ నటించాడు. అతనికి అది బాగా వచ్చు. "తీసేద్దుమండీ. కానీ కుర్రాళ్ల మనోభావాలుంటాయి కదండీ. మనది మనమే దింపేసుకుంటే కాలవ అవతల పేట వాళ్లు అక్కడ వాళ్లది కట్టేస్తారండి. వాళ్ల చూపంతా ఆ జాగా మీదే ఉంది. వర్ధంతి దాకా ఓపిక పట్టండి. ఆ రోజుకి కొత్తది, ఇంకా పెద్దది వేయిద్దారి."

ఇంకా పెద్దది. లిడియా లేచి వచ్చేసింది. వాళ్లావిడ తెచ్చిన టీ ఆ బల్ల మీదే చల్లారింది.

పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, దానికి అనుమతి లేని మాట నిజమేగానీ తీస్తే గొడవలవుతాయి మేడమ్, మీరే నచ్చజెప్పుకోండి అన్నారు. పెదబాబును ఆపి అడిగితే, "మావోడి గుర్తుగా అదొక్కటే ఉంది ఆంటీ, అది కూడా లేకపోతే ఎలాగండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ నీళ్లు నిజమేనని ఆమెకు తెలుసు. దొంగ ఏడుపు ఏడ్చేవాణ్ణి ఛీ కొట్టి పోవచ్చు, నిజంగా ఏడుస్తూ రోడ్డుకు అడ్డంగా నిలబడేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఒక శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక ఆమె ఆటో ఎక్కలేదు. నడుచుకుంటూ లాకుల దగ్గరికి వచ్చింది. పిల్లల చేత కాగితం పువ్వులు చేయించే కత్తెర సంచిలో ఉంది. అడుగు మూల చేతికి అందేటంత ఎత్తులోనే ఉంది. కత్తెర మొన గుచ్చి, గుండ్రంగా, చెవి దగ్గర జాగ్రత్తగా తిప్పి, కొడుకు మొహాన్ని కోసి తీసుకుంది. మిగతా గుడ్డను తాకలేదు. ఆ మొహాలను ముట్టుకోవాలనిపించలేదు. ఇది చూశాకైనా వాళ్లకు సిగ్గేసి మిగతాది వాళ్లే దింపేస్తారనుకుంది.

ఇంటికి తెచ్చి, దుమ్ము కడిగి, బల్ల మీద ఆరబెట్టింది. సాయంత్రం ఏసుపాదం అలవాటుగా వెళ్లి, వెంటనే తిరిగి వచ్చాడు. బల్ల మీది బొమ్మను చూశాడు. చెప్పులు విడవకుండానే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు.

"అక్కడ లేడేంటా అనుకున్నాను," అన్నాడు. "ఇంటికొచ్చేసేడన్నమాట."

ఆ మర్నాటి నుంచి లాకుల దాకా వెళ్లడం మానేశాడు.

లిడియా ఆదివారం ఎదురు చూసింది. ఎవరో వస్తారు, అడుగుతారు, గొడవ పడతారు. చర్చిలో పెదబాబు ఎదురుపడి, "ప్రైజ్ ద లార్డ్ ఆంటీ" అని పోయాడు. సోమవారం కుర్రాళ్లు వంతెన పిట్టగోడ మీద, ఆ ఫ్లెక్సీ నీడలోనే కూర్చుని చిప్సు తింటున్నారు. ఒకడు సరిగ్గా ఆ కన్నానికి వీపు ఆనించి ఫోను చూసుకుంటున్నాడు. మంగళవారం ఫ్లెక్సీ తాడు ఒకటి వదులైతే పెదబాబు వచ్చి బిగించి, కృపారావు మొహం ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి వెళ్లాడు. వారం దాటింది. చనిపోయినవాడు లేని నివాళి అలాగే నిలబడి ఉంది. ఊళ్లో ఒక్కరికీ ఏదీ తగ్గినట్టు అనిపించలేదు.

అప్పుడు పుట్టిన అసహ్యం ఆమెకు ఇంతకు ముందు తెలియనిది. వాళ్లు తన మాట లెక్కచేయకపోవడం వేరు, ఇది వేరు. ఎబి అక్కడ ఉన్నా వాళ్లకు ఒకటే, లేకపోయినా ఒకటే. వాడు చచ్చిపోవడం వాళ్లకు బొంగులు పాతుకోవడానికి ఒక సందు, అంతే. ఆ వారమంతా ఆమె అన్నం కెలికి వదిలేసింది. మలుపు వచ్చినప్పుడల్లా ఆటోలో తల దించుకుని కూర్చుంది.

తల దించుకుని ఉన్నప్పుడే జరిగింది. బుల్లబ్బాయి ఎప్పటిలాగే హారన్ కొట్టుకుంటూ తిప్పాడు. ఫ్లెక్సీ వెనక నుంచి చేపల చెరువు మట్టితో టిప్పరు వచ్చింది. బుల్లబ్బాయి ఎడమకు కోసేశాడు. ఆటో ముందు చక్రం గట్టు దిగి, ఒక కొబ్బరి మొద్దుకు తన్నుకుని ఆగింది. ఆ మొద్దు లేకపోతే అందరూ కాలవలోనే. డ్రైవరు పక్కన కూర్చున్న పింకీ ఎగిరి గట్టు మీద పడింది. ఆ పిల్ల నీళ్ల సీసా దొర్లుకుంటూ పోయి కాలవలో తేలింది.

టిప్పరు డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. పొలం పనికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆటోను వెనక నుంచి పట్టుకున్నారు. లిడియా ఒక్కొక్కరినీ దింపి తోటవైపు కూర్చోబెట్టింది. పింకీ మోచెయ్యి వాచిపోతోంది. చెయ్యి కదలకుండా సంచిలోని స్కేలు పెట్టి రుమాలుతో కట్టి, వాళ్లమ్మకు ఫోను చేసింది. ఆటో ఇంకా వాలిపోయే ఉంది. పట్టుకున్న ఆడవాళ్లు సాయం రమ్మని కేకలు వేస్తున్నారు. వంతెన మీదుగా రెండు మూడు బళ్లు వెళ్లాయి. ఒకతను వేగం తగ్గించి, "దేవుడి దయండి, ఎవరికీ ఏం కాలేదు" అని, ఓసారి చూసి పోయాడు.

లిడియా సంచిలోంచి కత్తెర తీసింది.

చీర కుచ్చిళ్లు దోపుకుని పిట్టగోడ ఎక్కింది. ముందు నల్ల కళ్లద్దాలు. తర్వాత జోడించిన చేతులు. తర్వాత ఫోను పట్టుకున్న పెదబాబు చెవి. ఈసారి జాగ్రత్తగా కొయ్యలేదు. గుడ్డ చిరుగుతున్న చప్పుడుకు పిల్లలు ఏడుపు ఆపి చూశారు.

ఎవరు ఫోను చేశారో గానీ, ఆటో ఇంకా గట్టెక్కకముందే మోటారుసైకిళ్లు వచ్చాయి, బండికి ఇద్దరు ముగ్గురు చొప్పున. వాలిపోయిన ఆటోను దాటుకుని, పింకీని దాటుకుని, తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికి వచ్చి ఆగారు. పెదబాబు మొహం ఎర్రబడిపోయింది.

"ఎవడు చేసేడండీ ఇది?" అంటూనే కాలవ అవతలి పేటవైపు చూశాడు. వెనక ఇద్దరు అప్పుడే బళ్లు తిప్పుతున్నారు.

"బళ్లు ఆపండి. నేనే కోశాను," అంది లిడియా పిట్టగోడ మీంచే.

"మీరా ఆంటీ?" పెదబాబు చిరిగిన కళ్లద్దాలవైపు చూశాడు. "కృపారావు బాబాయిగారి మొహం మీదండీ? ఎంత బాధుంటే మాత్రం... మొహం మీద కత్తిరేస్తారా అండీ?"

"కింద మూలకి చూడు నాన్నా."

చూశాడు. అందరూ చూశారు. గుండ్రటి కన్నంలోంచి అవతల రోడ్డు కనబడుతోంది.

"అక్కడెవరుండాలి?"

ఒకడు గొణిగాడు, "ఎబి అండి."

"అది ఇవాళ కోసింది కాదు. పోయినవారం పట్టుకెళ్లేను. మీరు రోజూ ఇక్కడే కూర్చుంటున్నారు. మొన్న మంగళవారం నువ్వే తాడు బిగించేవు పెదబాబూ. మీ బాబాయిగారి కళ్లద్దాలు చిరిగితే ఆటో లేపేలోపు వచ్చేసేరు. మా వాడు వారం నించీ లేకపోతే ఒక్కడికీ కనపళ్లేదు." ఆమె గొంతు పెంచలేదు. "మీ నివాళి చూస్తే నాకు రోత పుడుతోంది. ముందెళ్లి ఆ ఆటో లేపండి."

వెళ్లారు. తల ఎత్తకుండా వెళ్లి, పదిమందీ కలిసి ఆటోను ఒక్క ఊపులో గట్టెక్కించారు. ఈలోగా పెదబాబు ఫోను మోగింది. కృపారావు. అవతలి మాటలు ఇవతలికి కూడా వినబడుతున్నాయి. "ముందు దాన్ని దింపెయ్యండ్రా. మొహం చిరిగిపోయి రోడ్డు మీద అలా ఏలాడితే జనం ఏమనుకుంటారు? అర్జెంటుగా దింపండి, బొంగులతో సహా."

ఆటో గురించి అతనూ అడగలేదు.

దింపడానికి ఎంతో సేపు పట్టలేదు. తాళ్లు కోశారు, బొంగులు పీకారు. మూల ఖాళీ అయ్యేసరికి మలుపు అవతల రోడ్డంతా తేటగా కనబడింది. దూరంగా సైకిలు మీద వస్తున్న పింకీ తల్లి కనబడింది. వచ్చేది ఎవరో ఇక్కణ్ణించే గుర్తుపట్టి, ఏడుస్తున్న పింకీ గట్టు మీంచి లేచి నిలబడింది. ఇన్నాళ్లూ ఇంత చూపును కప్పేసి ఉంచారు. దాన్ని తెరిపించింది చచ్చిపోయిన కొడుకు కాదు, చెయ్యి వాచిన పిల్ల కాదు, వెళ్లి అడిగిన తల్లి కాదు. చిరిగిన కృపారావు పరువు. లిడియా పిట్టగోడ దిగి ఉమ్మేసింది.

కుర్రాళ్లు ఫ్లెక్సీ చుట్టుకుని బళ్ల మీద పెట్టుకున్నారు. పెదబాబు మాత్రం వెళ్లలేదు. చేతులు నలుపుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. క్షమించమంటాడేమో అనుకుంది.

"ఆంటీ, వర్ధంతికి కొత్తది వేయించాలండి," అన్నాడు. "ఎబి ఫొటో ఒకసారి వాట్సాప్‌లో పెడతారా? ఫోను మార్చేనండి, అప్పుడు మీరు పంపింది పోయింది."

"మీ దగ్గర లేదా? ఒక్కరి దగ్గరా లేదా?"

కుర్రాళ్లు బళ్ల మీదే ఫోన్లు తీసి వెతికారు. చాలాసేపు వెతికారు. ఆఖరికి ఒకడు, ఉందండి అంటూ ఉత్సాహంగా దిగి వచ్చి ఆమె చేతికి ఫోను ఇచ్చాడు. ఏదో ఏడాది కృపారావు పుట్టినరోజు. కేకు, కృపారావు, కృపారావు నోట్లో కేకు పెడుతున్న పెదబాబు. కృపారావు భుజం వెనక సగం నుదురు, ఒక చెవి.

ఆ చెవి వాడిదేనని లిడియా పోల్చుకుంది. ఫోను తిరిగి ఇచ్చేసింది.

"పెట్టను," అంది.